నదుల మీద నాలుగువేల నూటపదహార్లు

బోర్డు మీద ఆఖరి అట్ట తిరిగింది. దాని మీద ఒకటే మాట ఉంది. నదులు.

విజయశ్రీకి ఊపిరి ఆడింది. రాక్ సంగీతం వస్తుందేమో, బేస్‌బాల్ వస్తుందేమో అని ఆరు వారాలుగా భయపడుతోంది. నదులైతే ఫర్వాలేదు. బందరు స్కూల్లో అట్లాసు మోసే పని ఎప్పుడూ తనదే.

1985 మార్చి, శుక్రవారం ఉదయం. లాస్ ఏంజెలెస్‌లో ఒక టీవీ స్టూడియో. నెత్తిన మాడిపోయేలా లైట్లు. ముగ్గురు పోటీదార్ల ముందు ముగ్గురి అంకెలు వెలుగుతున్నాయి. విజయశ్రీ 8,400 డాలర్లు. పక్కన ఫ్రెస్నో నుంచి వచ్చిన స్కూల్ టీచర్ జానెట్, 6,200. ఆ చివర నార్వాక్‌లో పాత కార్లు అమ్ముకునే డెల్బర్ట్, 4,300.

మిగిలింది ఒక్క ప్రశ్న. ప్రశ్న వినకముందే, అది దేని గురించో మాత్రం తెలుసుకుని, ఎవరి పందెం వాళ్ళు రహస్యంగా రాసుకోవాలి. జవాబు సరైతే పందెం కాసినంత కలుస్తుంది, తప్పయితే కాసినంతా పోతుంది. చివరికి ఎవరి అంకె పెద్దదో వాళ్ళకే డబ్బు. రెండోవాళ్ళకి ఒక వస్తువు, మూడోవాళ్ళకి సూట్‌కేసుల సెట్టు.

విజయశ్రీకి కావలసింది డబ్బు కూడా కాదు. కారు.

రివర్‌సైడ్‌లో ఒక కాలేజీ లైబ్రరీ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. పది రోజుల్లో చేరాలి. వాళ్ళుండే సెరిటోస్ నుంచి నలభై అయిదు మైళ్ళు. మూడు బస్సులు మారాలి. తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకున్నా, ఎనిమిదింటి ఉద్యోగానికి పదింటికి చేరుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క కారులో ఆమె భర్త యజ్ఞనారాయణ రోజూ సరిగ్గా ఎదురు దిక్కున, ఎల్ సెగుండోలోని విమానాల కంపెనీకి వెళ్తాడు. ఆ ఏడాదే ఇల్లు కొన్నారు, బ్యాంకు ఇంకో లోన్ ఇవ్వనంది. నాలుగు వేలుంటే ఓ మాదిరి సెకండ్‌హ్యాండ్ కారు వస్తుంది. గెలిస్తే ఉద్యోగం. లేకపోతే లైబ్రరీకి సారీ చెబుతూ ఉత్తరం.

నిజానికి ఈ ప్రోగ్రాం పిచ్చి యజ్ఞనారాయణది. పరీక్షకు పిలిపించుకుంది ఆయనే. విజయశ్రీ తోడు వెళ్ళి, ఖాళీగా కూర్చోవడం ఎందుకని తనూ రాసింది. ఆమెను తీసుకున్నారు. ఆయన్ని వద్దన్నారు. జవాబులన్నీ సరే గాని, ప్రతి ప్రశ్నలోనూ తప్పేముందో ముందు వివరించాడట.

మొహం ఒక రోజు ముడుచుకుని, రెండోరోజు కోచ్ అవతారం ఎత్తాడాయన. రోజూ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ప్రాక్టీస్. పక్క వీధిలో ఉండే శ్యామ్‌సుందర్ వచ్చి మూడో పోటీదారుగా కూర్చునేవాడు. యజ్ఞనారాయణ తన ఆఫీస్ లెక్కలన్నీ ఉపయోగించి ఒకే ఒక్క సూత్రం తేల్చాడు. నువ్వు ముందున్నావా, రెండోవాడి అంకెను రెట్టింపు చెయ్యి. అందులోంచి నీది తీసెయ్యి. దానికి కాస్త కలుపు. అంతే. వాడు ఉన్నదంతా ఒడ్డి గెలిచినా, నీ జవాబు కూడా సరైతే నిన్ను దాటలేడు.

విజయశ్రీ కాగితం మీద లెక్క వేసింది. జానెట్ అంకె రెట్టింపు చేస్తే 12,400. తనది తీసేస్తే నాలుగు వేలు. కాస్త కలపాలి. కలిపింది. పందెం కార్డు మడిచి ఇచ్చేసింది.

అప్పుడు వచ్చింది ప్రశ్న. భూమధ్యరేఖను రెండుసార్లు దాటే పెద్ద నది ఏది?

అట్లాసు కళ్ళ ముందు తెరుచుకుంది. ఆఫ్రికా పేజీ. నీలపు గీతలు. అందులో పొడుగాటిది నైలు. అది ఒకసారి దాటుతుందా, రెండుసార్లా? సంగీతం మోగుతోంది. ముప్ఫై సెకన్లు. నైలు అని రాసింది. మార్కర్ కింద పెట్టగానే, ఆ పేజీలోనే ఇంకో గీత, ధనుస్సులా వంగి పైకెళ్ళి కిందికి దిగేది కనిపించింది. కాంగో. సంగీతం ఆగిపోయింది.

తక్కువ అంకె ఉన్నవాళ్ళ నుంచి విప్పుతారు. డెల్బర్ట్ కార్డు మీద 'మా ఇంటి వెనక కాలువ' అని ఉంది. హాలంతా నవ్వింది. పందెం సున్నా. తనకు నదుల గురించి ఏమీ తెలియదనీ, తెలియని సరుకు మీద పైసా పెట్టననీ చెప్పాడు. ఆయన 4,300 అలాగే ఉంది.

జానెట్ అమెజాన్ అని రాసింది. ఉన్నదంతా ఒడ్డింది. సున్నా.

విజయశ్రీ జవాబు కూడా తప్పని తేలింది. అయినా ప్రేక్షకుల్లో మూడో వరుసలో కూర్చున్న యజ్ఞనారాయణ చలించలేదు. నాలుగువేల ఒకటి పోతే ఇంకా 4,399 ఉంటుంది. తొంభై తొమ్మిది డాలర్ల తేడాతో మనదే. పక్కనున్న ముసలావిడకు లెక్క చెప్పి, భార్యకేసి బొటనవేలు ఎత్తి చూపించాడు.

పందెం కార్డు విప్పారు. 4,116.

ఎత్తిన వేలు అలాగే ఉండిపోయింది.

4,284. డెల్బర్ట్ కంటే సరిగ్గా పదహారు డాలర్లు తక్కువ.

ఆ నూటపదహారు ఆమె ఆలోచించి రాసింది కాదు. ఇరవై ఏళ్ళుగా ఎన్ని పెళ్ళి కవర్ల మీద, ఎన్ని గృహప్రవేశాలకు రాసిందో. గుండ్రటి అంకె మీద కాస్త కలపాలంటే ఆమె చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. సున్నాతో ఆపి ఇవ్వడం ఏదో తెంచేసుకున్నట్టుంటుంది.

రెండో బహుమతి తెర తీశారు. చక్రాల బండి మీద తెల్లటి మోటార్ బోటు. ఖరీదు 4,800. మొగుడూపెళ్ళాల్లో ఎవరికీ ఈత రాదు.

పార్కింగ్ లాట్‌కి యజ్ఞనారాయణ ముందు నడిచాడు. కారు తాళం తీస్తూ అన్నాడు.

"ఒక్క డాలరు చాలు కదా విజయా."

"మీరు కాస్త కలపమన్నారు. ఒక్కటని ఎప్పుడన్నారు?"

"కాస్త అంటే నూటపదహారా?"

"ప్రాక్టీస్‌లో మీరెంత కలిపారు? నోట్‌బుక్ తియ్యండి."

ఆయన ధీమాగా తీశాడు. పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. 2,116. 616. 3,116. శ్యామ్‌సుందర్ రాసినవీ అంతే. ముగ్గురూ అదే రాశారు గనక ఆరు వారాల్లో ఎవరి కంటికీ అది కనబడలేదు.

"శ్యామ్ చేతిరాత అచ్చు నాలాగే ఉంటుంది" అన్నాడు యజ్ఞనారాయణ, నోట్‌బుక్ మూసేస్తూ.

అప్పుడే డెల్బర్ట్ వచ్చాడు. గెలిచినవాడు గనక మధ్యాహ్నం ఆటలో మళ్ళీ ఆడాలట, ఈలోగా సిగరెట్ కోసం బయటికొచ్చాడు. ఆ పదహారు తన తల తినేస్తోందన్నాడు. ఎందుకా అంకె? విజయశ్రీ చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మేము నాలుగు వేల కారుకి ఒక డాలరు తగ్గించి బోర్డు పెడతాం. మీవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే నూటపదహారు ఎక్కువ ఇస్తారన్నమాట. మేడమ్, మీవాళ్ళంతా ఇన్నాళ్ళూ నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

ఆమెకు నవ్వొచ్చింది. తనకు కావలసింది కారేననీ, ఇప్పుడు బోటెక్కి రివర్‌సైడ్ వెళ్ళాలనీ చెప్పింది.

ఆయన సిగరెట్ పారేశాడు. నార్వాక్‌లో తన కార్ల లాట్‌లో డెబ్భై ఏడు మోడల్ జపాన్ కారు ఒకటుంది, ఆ బోటు తనకు రాసిస్తే రేపే తీసుకెళ్ళొచ్చన్నాడు. యజ్ఞనారాయణ తల ఊపబోయాడు. విజయశ్రీ ఆయన కాలు తొక్కింది.

ఆమె ఇప్పుడు అట్లాసు చూడటం లేదు, మనిషిని చూస్తోంది. తెలియని సరుకు మీద పైసా పెట్టని మనిషి ఈయన. బోటు మాట రాగానే, దాన్ని దగ్గరగా చూడకుండానే, ఏకంగా ఒక కారు ఒడ్డేశాడు. అంటే ఈయనకు బోట్ల సంగతి తెలుసు. దాన్ని ఎవరికి అమ్మాలో, ఎంతకి అమ్మాలో కూడా ఈపాటికి అనుకునే ఉంటాడు.

"ఆలోచించాలి. ఇంటి ముందు గడ్డిలో పెట్టి పూలమొక్కలు వేద్దామనుకుంటున్నాను" అంది.

డెల్బర్ట్ మొహంలో ఏదో నొప్పి కనిపించింది. రేపు ఒకసారి వచ్చి చూసి పొమ్మని కార్డు ఇచ్చాడు.

శనివారం పొద్దున ఇద్దరూ నార్వాక్ వెళ్ళారు. డెల్బర్ట్ కాస్త డీలాగా ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం ఆటలో ఆఖరి ప్రశ్న కార్ల మీదే వచ్చిందట. ఉన్నదంతా ఒడ్డాడట. తప్పట. పొద్దుటి 4,300 మాత్రం మిగిలింది. విజయశ్రీ పాపం అంది. అంటూనే డెబ్భై ఏడు మోడల్‌ను దాటి వెళ్ళిపోయి, వెనక వరుసలో ఉన్న నీలం కారు ముందు ఆగింది. ఎనభై ఒకటి మోడల్. అద్దం మీద 4,399.

అది చాలా ఎక్కువన్నాడు డెల్బర్ట్. అయితే పూలమొక్కలేనంది ఆమె. డెబ్భై ఏడుకి కొత్త టైర్లు వేస్తానన్నాడు. నీలందానికి వెయ్యండి అంది. పైన అయిదు వందలు అడిగాడు. బహుమతి మీద పడే టాక్స్ కూడా మీరే కట్టుకోవాలి కదా అని గుర్తు చేసింది. యజ్ఞనారాయణ మధ్యలో న్యాయంగా ఒక లెక్క చెప్పబోయి, తొక్కించుకున్న కాలు గుర్తొచ్చి, టైర్లు చూసే మిషతో అవతలికి పోయాడు.

నలభై నిమిషాలకు డెల్బర్ట్ చేతులెత్తేశాడు. బోటు చేతికి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. వచ్చాక అది తనదేనని ఆమె సంతకం పెట్టిన కాగితం తీసుకుని, తాళాలు ఇచ్చాడు. నిన్న ఆఖరి పందెంలో కూడా ఆమె ఇంత లెక్కగా ఉండి ఉంటే తనకు ఆ బోటు ఒక్కటే మిగిలేదన్నాడు.

బ్రేకులు ఎలా ఉన్నాయో చూడాలి గనక కొత్త కారు తను నడుపుతాననీ, ఇంటి కారు ఆమెను తెమ్మనీ యజ్ఞనారాయణ వివరిస్తున్నాడు. ఆమె అప్పటికే తలుపు వేసుకుని సీటు ముందుకు జరుపుకుంటోంది. సరే, తన వెనకే నెమ్మదిగా రమ్మన్నాడు. ఆమె ముందు బయల్దేరింది.

సిగ్నల్ దగ్గర ఇల్లు కుడివైపు. తిన్నగా వెళ్తే తొంభై ఒకటో నంబరు ఫ్రీవే, తూర్పుకి, రివర్‌సైడ్ దాకా. వెనక నుంచి హారన్ రెండుసార్లు మోగింది. విజయశ్రీ తిన్నగా పోనిచ్చింది. పై సోమవారం ఉద్యోగానికి ఎంతసేపు పడుతుందో ముందే చూసుకోవద్దూ.

అనహైమ్ దాటుతుండగా యజ్ఞనారాయణ పక్క లేన్‌లోకి వచ్చాడు. అద్దం దించి, గాలిలో ఏదో గట్టిగా చెబుతున్నాడు. ఆమె కూడా అద్దం దించింది. సిగ్నల్ దగ్గర కుడివైపుకు వేసిన బ్లింకర్ ఇంకా కొట్టుకుంటోంది, ఆర్పమంటున్నాడు.

ఆర్పేసి, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త నొక్కింది.