చుక్కను తాకని దారి

ఇంగ్లండ్‌లోని తన ఇంటి ముందు నాగజ్యోతి పొద్దున్నే వాకిలి కడిగి ఏ ముగ్గు వేస్తే, ఆ రోజుకి ఆ చుట్టుపక్కల రోడ్లు ఆ ముగ్గులాగే ఉండేవి. గళ్ళ ముగ్గు వేస్తే తిన్నగా సాగేవి. మెలికల ముగ్గు వేసిందంటే పోస్ట్‌మాన్ మొహం మాడ్చుకునేవాడు. వాట్‌ఫర్డ్ బస్సు డ్రైవరైతే ఆవిడ గేటు దగ్గర కాస్త నెమ్మదించి, ముగ్గు చూసుకుని మరీ వెళ్ళేవాడు.

కౌంటీ ఆఫీసులో, అంటే అక్కడి జిల్లా ఆఫీసులో, రోడ్ల పనులు చూసే హెలెన్ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. "హాస్పిటల్ వైపు మాత్రం తిన్నగా ఉంచు జ్యోతీ, మిగతాది నీ ఇష్టం" అనేది. నాగజ్యోతికి కౌంటీ అంటే ఆ గొంతే. వసంతం వచ్చాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. సెలవు మీద వెళ్ళి ఉంటుందిలే అనుకుంది.

ఒక మంగళవారం ఆదర్శ్ వచ్చాడు. వరంగల్ కుర్రాడు. ఇక్కడే మాస్టర్స్ చేసి, కొత్తగా పెట్టిన ప్రాంతీయ ప్రణాళికా మండలిలో చేరాడు. లండన్ అంచున హేస్‌లో నలుగురితో ఒకే గదిలో సర్దుకుంటున్నాడు. తెలుగువాళ్ళ ఇల్లని తెలిసి ఆఫీసువాళ్ళు తెలివిగా అతన్నే పంపారు. ఇచ్చిన టీ పక్కన పెట్టేశాడు.

"ఆంటీ, బైపాస్ వస్తుంది. ఈ లైన్ల ఇండ్లన్నీ పోతయి. మీది గూడ."

నాగజ్యోతి భర్త భానుప్రకాష్ మెట్ల మీద కూలబడ్డాడు. "అదేంటయ్యా! వాస్తు కోసం వంటింటి తలుపు రెండడుగులు జరుపుకుంటామంటే కౌంటీవాళ్ళు ఏడాది తిప్పారు. ఇల్లే లేపేస్తామంటే ఒప్పుకున్నారా?"

"కౌంటీ ఇంక లేదు అంకుల్. తీసేసిన్రు. ఇప్పుడంతా మా రీజనల్ కౌన్సిలే. మా సార్లు ఈ దిక్కు ఎన్నడు రాలే. మ్యాప్ జూసి గీసిన్రు."

నాగజ్యోతి నిర్ఘాంతపోయింది. "కౌంటీ పోయిందా? ఎప్పుడు?"

"ఏప్రిల్ల, ఆంటీ."

"నాకెవరూ కబురైనా చెయ్యలేదేం?"

వారం వారం పలకరించిన ప్రాణం పోతే, తెలియక ఇన్నాళ్ళూ వాకిట్లో ముగ్గులు వేసిందా తను! అంతకంటే ఘోరం ఉంటుందా? పోయింది మనిషి కాదు, ఆఫీసు అని చెప్పే ధైర్యం భానుప్రకాష్‌కి లేకపోయింది. ఆవిడ బకెట్టు నీళ్ళు తెచ్చి ముగ్గంతా కడిగేసింది.

గేటు ముందు రోడ్డు పోయింది. ఆదర్శ్ కారు తలుపుల దాకా గడ్డిలో కూరుకుపోయింది.

"మైల, బాబూ. పది రోజులు దాటేదాకా ముగ్గు వెయ్యకూడదు."

"మరి నేనెట్ల పోవాలె ఆంటీ?"

"పైన చిన్న గది ఖాళీగానే ఉంది."

వీధి వీధంతా ఇంటి నుంచే పని చేసుకుంది. బయటి నుంచి తెప్పించుకునే టేకవేలు రాక పిల్లలు అలిగారు. బైపాస్ యంత్రాలు ఎక్కడో పొలాల్లో నిలిచిపోయాయి. ఆదర్శ్ రోజూ గడ్డిలో పడి నడుచుకుంటూ ఒక్కో ఇంటికీ వెళ్ళి, మీ ఇల్లు పోతుందని చెప్పి వచ్చేవాడు. మ్యాప్‌లో అవన్నీ చిన్న గళ్ళు. ఇక్కడ తలుపు తీసినవాళ్ళు అతని వంకే చూస్తుండిపోయేవారు. ఆ చూపులు చూసి వచ్చాక అతనికి అన్నం సయించేది కాదు.

మైల తీరిన పొద్దున నాగజ్యోతి వాకిలి కడిగి, పిండి గిన్నె అతని చేతిలో పెట్టింది. "నీ రోడ్డు నువ్వే వేసుకో. నా ఇంటి మీంచి వెయ్యడానికి నాకు చేతులు రావు."

"నాకు రాదాంటీ. మా అమ్మ ఎయ్యంగ జూసుడే."

"ముందు చుక్కలు పెట్టు, ఇంటికొకటి. గీత చుక్క చుట్టూ తిరగాలిగానీ దాని మీంచి పోకూడదు."

ఆదర్శ్ చుక్కలు పెట్టాడు. గీత మాత్రం మ్యాప్‌లో ఉన్నట్టే నిటారుగా లాగాడు. నాగజ్యోతి ఇంటి చుక్క దగ్గరికి వచ్చేసరికి వేళ్ళలోంచి పిండి రాలనంది. చెయ్యి పక్కకి తిప్పాడు. పిండి రాలింది. ఇక అన్ని చుక్కల చుట్టూ అలాగే తిప్పుకుంటూ పోయాడు.

తలెత్తితే ఎదురుగా బైపాస్. ఏ ఇంటి గోడా తగలకుండా మెలికలు తిరిగి మోటర్‌వేలో కలుస్తోంది. నాగజ్యోతి గుమ్మంలో కూర్చుని, తలుపుకి చెంప ఆనించి భోరుమంది.

"ఆ ఇల్లెవరిది?" అన్నాడు భానుప్రకాష్ ఉలిక్కిపడి.

నిన్నటిదాకా ఉత్త గడ్డి ఉన్న మలుపులో చిన్న ఇటుక ఇల్లు నిలబడి ఉంది. ఆదర్శ్ చుక్కలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఒకటి ఎక్కువ పడ్డది ఆంటీ. తుడిచేస్త."

నాగజ్యోతి గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"పెట్టిన చుక్క తుడవకూడదు. వెళ్ళి నీ ఇంటి తలుపు తీసుకో."