నీళ్ళు పడ్డాకే పిలుపు

మోటార్ల పని చేసేవాడికి ఒక పట్టింపు ఉంటుంది. పైపులో నీళ్ళు పడ్డాకే ఇంటివాళ్ళను పిలవాలి. వట్టి మోటారు గుర్రుమంటుంటే వాళ్ళు చూశారా, ఇక మన పేరు గోవిందా! నేను మొదటి నుంచీ ఇంతే.

క్యాన్సర్ వచ్చి డాక్టర్లు నా అంగాన్ని తీసేశారు. తర్వాత ముంజేతి చర్మంతో కొత్తది తయారుచేశారు. ఒంటికి వెళ్ళడానికి పనికొచ్చేది, అంతే. అది నిలబడాలంటే లోపల ఇంప్లాంట్ పెట్టాలన్నారు. అందులో రెండు గొట్టాలు, పొట్టలో చిన్న నీళ్ళ సంచి, కింద వృషణాల తిత్తిలో బుల్లి పంపు.

"మెకానిక్ కదా, మీకు నేను చెప్పేదేముంది!" అని డాక్టరు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. బిగించేది నా ఒంట్లో, జోకులు ఆయనకి!

మా ఆవిడకు హెర్నియా అని చెప్పి, ఒక్కణ్ణే వెళ్ళి ఆసుపత్రిలో చేరాను. మొదటి ఆపరేషన్ అప్పుడు కట్లూ గొట్టాలూ ఉన్నాయని ఆమె పక్కగదిలో మంచం వేసుకుంది. కట్లు విప్పాక కూడా తిరిగి రాలేదు. ఎందుకొస్తుంది, నాలో ఏముందని? ముందు ఇది పనిచేయాలి, తర్వాతే ఆమెను పిలవాలి అనుకున్నాను.

గాయం మానాక నర్సు పంపు వాడటం నేర్పింది. రోజూ నొక్కి నింపాలి, కాసేపు ఉంచి ఖాళీ చేయాలి.

"మీ మిసెస్‌ని కూడా తీసుకురండి. ఇద్దరికీ తెలిస్తే మంచిది" అంది.

"ఊళ్ళో లేదు" అన్నాను. పాపం, ఇంట్లో వంట చేస్తోంది.

రోజూ పొద్దున్నే గదికి గడియ పెట్టుకుని మంచం అంచున కూర్చునేవాణ్ణి. పంపు వేళ్ళకు దొరికేది కాదు. ఎంతెంత మోటార్లు విప్పిన చేతులు, గోళీ అంత దానితో చెమటలు పట్టేవి! చివరికి ఒకరోజు నిండింది. నిలబడింది. చెప్పుకుందామంటే గదిలో నేనొక్కణ్ణే. ఏడుపొచ్చింది.

ముఖం కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి, తల వంచుకుని అంతా చెప్పాను.

"ఇప్పుడు పనిచేస్తోంది. మన గదిలోకి వచ్చెయ్."

ఆమె గిన్నె తోముతూనే ఉంది.

"హెర్నియా కాదని తెలుసు. ఆ జబ్బే తిరగబెట్టిందనుకున్నా. గడియ పడగానే రోజూ తలుపు దగ్గరకొచ్చి నిలబడేదాన్ని, లోపల ఏడుస్తున్నారేమోనని."

"తలుపు కొట్టొచ్చుగా?"

"మొదటిసారి కట్లు విప్పిన రోజే దిండు పట్టుకుని వచ్చాను. గడియ పెట్టుకున్నారు. నాకు అదేం అక్కర్లేదండీ. పక్కన మనిషి ఉంటే చాలనుకున్నా." చేతులు తుడుచుకుంది. "ఇప్పుడు ఒంటరిగా పడుకోవడం అలవాటైపోయింది. పక్కన ఎవరైనా కదిలితే నిద్ర పట్టదు."

గొంతులో కోపమైనా లేదు. తిట్టినా బాగుండేది.

స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ గడియ ఊడదీశాను. డాక్టరు మానొద్దన్నాడు కాబట్టి రోజూ పంపు నొక్కుతూనే ఉన్నాను, తలుపు ఓరగా తీసి ఉంచి. ఆమె ఆ గుమ్మం ముందు నుంచే వంటింట్లోకి వెళుతుంది. లోపలికి చూడదు.