రెక్క కింద తద్దినం

తాత తద్దినం రేపనగా కూడా కన్నారావుకు నోరు పెగల్లేదు. పెగిలేదెలా? తల్లి తాయారుకు ఎనభై దాటాయి. ఆవిడ ఇంకా తన తల్లి కడుపులో ఉండగానే, ఆవిడ తండ్రి బలరాం రెండో ప్రపంచయుద్ధంలో పోయాడు. రంగూన్, అదే ఇప్పటి యాంగోన్, శివార్లలో పాత ఏరోడ్రోములో కూలి ఆయన. బాంబులు పడుతుంటే ఓ యుద్ధవిమానం రెక్క కింద దూరాడట. మళ్ళీ బయటికి రాలేదు, శవమన్నదీ దొరకలేదు. రెక్క విరిగిన ఆ విమానం మాత్రం గడ్డిలో అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచీ ఆ ఇంటివాళ్ళకు సమాధైనా గుడైనా అదే. కావలివాణ్ణి బతిమాలుకుని, ఏటా ఆ రెక్క కిందే కూతురి కొడుకు కన్నారావు తాతకు పిండం పెడుతున్నాడు.

ఆ విమానాన్నే తుక్కు కింద అమ్మేశారు. అమ్మితే అమ్మారు, ఊళ్ళో ఇంకే కార్ఖానా లేనట్టు అది వచ్చి వచ్చి తాకేటా పేటలో కన్నారావు పనిచేసే గిన్నెల కార్ఖానాలోనే పడింది. గ్యాసుతో ఇనుమూ రేకూ కోసేది అతనే. నా వల్ల కాదంటే రేపట్నుంచి రావద్దంటాడు ఓనరు. రోజులసలే బాగాలేవు. కన్నారావు రెక్కకు పసుపూ బొట్టూ పెట్టి, నిమ్మకాయ కోసి, దణ్ణం పెట్టుకుని మరీ కోశాడు. చేసేదంతా చేస్తూ దణ్ణమొకటి!

ఆ విమానం రేకు కరిగించి పోసిన కొత్త గిన్నెల్లో పనివాళ్ళకు తలా ఒకటివ్వడం అక్కడి ఆనవాయితీ. సంచిలో దాచి తెచ్చిన తపేలా తాయారు కంట పడనే పడింది. "ఎంత దళసరిగా ఉందిరా" అని మురిసిపోయి, పాలు పొంగించి, రోజూ అందులోనే వండడం మొదలెట్టింది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

తద్దినం నాడు తాయారు తలస్నానం చేసి పిండానికి అన్నం వండింది, ఆ తపేలాలోనే. నువ్వులు కలిపి, ఆకులో చుట్టి, "బస్సు దొరకదు, బేగి ఎల్దాం పద" అంది.

కన్నారావు గుమ్మంలో కూలబడ్డాడు.

"అక్కడేటీ నేదమ్మా. ఇమానం కోసీసినారు."

"ఎవులు?"

"నేనే."

తాయారు చేతిలోని ఆకు పొట్లం కింద పెట్టింది. తరవాత, "ఓ ముక్కైనా అట్టిపెట్టనేదేటిరా?" అంది.

అతను పొయ్యి వైపు చూశాడు. ఆవిడా చూసింది. తపేలా అక్కడే ఉంది.

"మిగతా గిన్నెలన్నీ పబేడాన్ బజారు కొట్లకి ఎల్లిపోనాయి" అన్నాడు.

"అయితే ఇన్నాళ్ళూ మా అయ్యలోనే వండుకు తిన్నానన్నమాట."

అంతే అంది. తిట్టిపోసినా బాగుండును, కన్నారావుకు కాస్త ఊపిరాడేది. ఏడుపు అతనికే వచ్చింది, ఆవిడకు రాలేదు. ఆవిడ లేచి, తపేలాలో మిగిలిన అన్నం తీసేసి, చీరచెంగుతో పట్టుకెళ్ళి ఇంటి వెనక బోర్లించింది. దాని మీద దర్భ పరిచింది.

"ఇంకెవులి సేతైనా పెట్టించమ్మా" అన్నాడు కన్నారావు. "నాకు సేతులు రావడం నేదు."

"నాకింకెవులున్నార్రా?" పిండం తెచ్చి అతని చేతిలో పెట్టింది తాయారు. "కోసిన సేత్తోనే పెట్టు."

కన్నారావు పెట్టాడు. తపేలా అడుగు ఇంకా చల్లారలేదు, వేళ్ళకు చురుక్కుమంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాకుల్ని తాయారే పిలిచింది.