బోర్లాపడిన జెట్టు

సరస్సు మీద పడవ పందేలు చూడ్డానికి జనం గట్టంతా కిక్కిరిసి ఉండగా, వెర్నన్ స్టోకీ ఆ కొత్త జెట్టును వాళ్ల తలల మీదుగా తిప్పేశాడు. వందమంది ప్రయాణికుల కోసం కట్టిన నాలుగు ఇంజన్ల విమానం. పొట్ట ఆకాశానికి పెట్టి, గుండ్రంగా తిరిగి, మళ్లీ నిటారుగా వచ్చింది. జనం టోపీలు ఎగరేశారు.

దిగాక, విమానంలో అతని వెనక కూర్చుని ఇంజన్లు చూసుకునే ఐనార్ కాంక్రీటు మీద అతని వెంటపడ్డాడు.

"ముక్కు పడిపోతోందిరా అని గొంతు చించుకున్నాను. చెవుల్లో సీసం పోసుకున్నావా?"

"విన్నాను."

"విని?"

"విన్నాను, అంతే."

ఐనార్ పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

అంత పెద్ద విమానమైనా తిరుగుతుంది. ముందు ముక్కు బాగా పైకెత్తి మెల్లగా తిప్పుకుంటూ పోతే, తలకిందులైన సంగతి రెక్కలకు తెలియను కూడా తెలియదు. చిక్కంతా తలకిందులైనప్పుడే. ముక్కు జారిందా, వేగం ఉరుకుతుంది; అప్పుడు గట్టిగా లాగితే రెక్కలు ఊడొస్తాయి. జారడం ఎదురుగా ఉన్న మీటరు ముల్లు చూపించేలోపే పైలట్ కడుపులో ఏదో జారుతుంది. పైలట్లు బతికేది దాని మీదే.

ఇవాళ వెర్నన్ కడుపులో ఏమీ జారలేదు. ముల్లు ప్రమాదపు గీత దాటడం చూశాడు, ఎవరిదో గడియారం చూసినట్టు. చేతులు ఎప్పటికో కదిలాయి. ఫిబ్రవరిలో భార్య ఇంగాను పాతిపెట్టిన నాటినుంచి అతనికి అన్నీ అలాగే ఉన్నాయి.

కంపెనీ పెద్ద హాల్డేన్ ముందు తిట్టాడు, తర్వాత కుర్చీ లాగి కూర్చోమన్నాడు.

"కొనేవాళ్లు ఫోన్ల మీద ఫోన్లయ్యా! వచ్చే ఆదివారం వాళ్లను ఎక్కించుకుని ఇదే చెయ్యాలి."

"నేను చెయ్యనండీ."

"భయమా?"

"వెయ్యలేదండీ. అందుకే."

"భయం లేనివాడేగా నాకు కావలసింది!"

"ముక్కు జారింది. చూస్తూ కూర్చున్నాను. ఐనార్ అరవకపోతే ఇంకా కూర్చునేవాణ్ణి."

హాల్డేన్ నవ్వబోయి ఆగిపోయాడు. కిటికీలోంచి విమానం వైపు చూశాడు. "ఈ ఒక్కటి చెయ్యనంటావా, అసలు ఎగరనంటావా?"

పంతొమ్మిదో ఏట నుంచి వెర్నన్‌కు ఎగరడం తప్ప వేరే పని తెలియదు. ఇంటికెళితే కుర్చీ, రేడియో. ఆ మాటా అతను ఇంకెవరి గురించో అనుకున్నట్టే అనుకున్నాడు.

"అసలు ఎగరను."

బయట ఐనార్ గోడకానుకుని ఉన్నాడు. చెబితే విన్నాడు. ఎకసెక్కం మాని, అతని భుజం మీద చెయ్యి వేశాడు. కూలీలు నిచ్చెనలేసి రెక్కల మీద అంటిన పురుగుల్ని కడుగుతున్నారు. ఏడుపు వస్తుందేమోనని వెర్నన్ కాసేపు అక్కడే నిలబడ్డాడు. రాలేదు. భుజం మీది చెయ్యి బరువుగా ఉందని మాత్రం తెలిసింది.