చెక్కముక్కల ఆట

ఉతికిన బట్టలు మడతపెడుతూ, ఫోన్లో తన గొంతు తనే వింటోంది ఆమె. ఐదేళ్ల కవలల్లో ఆడపిల్ల బడిలో నోరు విప్పడం లేదని టీచరమ్మ పిలిపించింది. ఇద్దరితోనూ విడివిడిగా పదేసి నిమిషాలు ఆడి, ఆ మాటలు రికార్డు చేసి తెమ్మంది. ఇంట్లో ఈ సంగతి చెబితే భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండానే, “నీ పోలికే. నీకు మాత్రం నోట్లో నాలుకుందా?” అన్నాడు. ఆడపిల్ల అణకువగా ఉంటే అదీ ఒక జబ్బేనా అని అత్తగారు సాగదీసింది. పిల్లాడు లొడలొడా వాగితే మాత్రం అచ్చం తండ్రి తెలివే. మంచి కనబడితే వాళ్ల వంశం, లోపం కనబడితే ఈమె పోలిక.

ముందు బాబుతో ఆడిన చెక్కముక్కల ఆట విన్నది. వంతెన ఎందుకు కూలింది నాన్నా, ఇంకా ఎత్తుగా కట్టాలంటే ఏం చేద్దాం అని అడుగుతోంది తను. వాడు తడుముకుంటూ చెప్పేదాకా ఓపిగ్గా ఆగుతోంది. మధ్యలో భర్త టీ అడిగితే, “ఉండరా, పిల్లాడు ఆడుకుంటున్నాడు” అని అత్తగారే ఆపుతోంది.

తర్వాత పాప. అవే చెక్కముక్కలు. మెల్లగా. కింద పడెయ్యకు. అది అన్నయ్యది, పక్కన పెట్టు. ఇది ఎర్రది కదూ? అవును, ఎర్రది. అడిగేదీ తనే, చెప్పేదీ తనే. ఇంతలో అత్తగారి కేక, వస్తున్నానంటూ తను లేచిన చప్పుడు. ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఏమీ లేదు. చెక్కముక్క కదిలిన అలికిడి కూడా లేదు.

ఒళ్లు మండింది ఆమెకి. అత్తగారి మీద, మొగుడి మీద, చివరికి తన మీద. నోరు మూయించే ఈ విద్య తనకి ఎవరు నేర్పారు? ఆఫీసులో తన మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది, పక్క సీటాయన అదే మాట అని మెప్పు కొట్టేస్తాడు. ఇన్నాళ్లూ పిల్ల నోరు ఎవరో కట్టేశారనుకుని కుమిలింది. ఆ ముడి వేసింది తన చేతులే.

బట్టలు మంచం మీదే వదిలేసి, హాల్లో పాప పక్కన నేలమీద కూర్చుంది. పాప కట్టుకుంటున్న ఇల్లు అప్పుడే కూలింది.

“ఎందుకు పడిపోయిందంటావు తల్లీ?”

పాప బిత్తరపోయి చూసింది. జవాబు కూడా అమ్మే చెబుతుందని కాచుకుంది. ఆమె పంటి బిగువున ఆగింది. వంటింట్లోంచి అత్తగారు ఒకసారి పిలిచింది, ఇంకోసారి పిలిచింది. వినపడటం లేదా అని గదిలోంచి భర్త.

“అమ్మా, నానమ్మ పిలుస్తోంది,” అంది పాప, గొంతు తగ్గించి.

“పిలవనీ. నువ్వు చెప్పు.”