నిలకడ

కిరసనాయిల్లో నానేసిన లిఫ్టు తలుపు చక్రాలను అమ్మాయి ఒక్కొక్కటే తీసి, పసిపిల్లకు పళ్లు తోమినట్టు పాత బ్రష్షుతో తోముతోంది. మోచేతుల దాకా నల్లటి జిడ్డు. బడి వదిలి ఏడాది దాటినా ఎడమచేతి మధ్యవేలి మీద పెన్ను కాయ ఇంకా మెత్తబడలేదు.

ఆ ఏడాదిలో చెప్పుల దుకాణంలో చేసింది, మందుల షాపులో చేసింది, ఒక డాక్టరు దగ్గర పేర్లు పిలిచే పని చేసింది. ఎక్కడా కుదరలేదు. కొనేవాళ్లతో తియ్యగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. "కాలుగాలిన పిల్లిలా తిరుగుతావేమే" అని అమ్మ విసుక్కునేది. తనతో చదివినవాళ్లు ఎదురొస్తే అమ్మాయి రోడ్డు దాటి అవతలి వైపు నడిచేది. ఈ లిఫ్టుల రిపేరుకీ, చూద్దాంలే అనే వచ్చింది.

ఆమెకు పని నేర్పే మేస్త్రీ ఫోను మోగింది. వెనక వీధి భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఓ పెద్దావిడ ఉంది.

అక్కడి మెట్ల దగ్గర మేస్త్రీ మోకాలు పట్టుకుని పైకి చూశాడు.

"నువ్వు పైన మోటారు గదికెళ్లి చక్రం తిప్పు. నేను తలుపు దగ్గరుంటా."

"నేనా, బాబాయ్?"

"ఇంకెవరున్నారిక్కడ?"

చేరిన కొత్తలో ఆమె కరెంటు తియ్యకుండానే చక్రం మీద చెయ్యి వెయ్యబోయింది. మేస్త్రీ ఆ చేతిని ఒక్క దెబ్బ కొట్టి తప్పించాడు. అప్పటినుంచీ మోటారు గది గడప దగ్గర ఆమె ఆగిపోయేది.

ఇవాళా ఆగి, లోపలికి అడుగేసింది. గదిలో వేడి ముఖాన కొట్టింది. మెయిన్ స్విచ్ దించి, దించానా అని మళ్లీ చూసుకుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"కరెంటు తీశా, బాబాయ్."

"సరే. బ్రేకు లేపు. మెల్లిగా."

కుడిచేత్తో మీట లేపి, ఎడమచేత్తో చక్రం తిప్పింది. ఇనుప తాడు కదిలింది. ఫోనులో దూరంగా ఓ సన్నటి గొంతు వినపడింది. "కదుల్తోంది నాయనా..."

"కదలాలమ్మా. మా అమ్మాయే కదుపుతోంది. భయంలేదు."

చక్రం మీద ఆమె పట్టు బిగిసింది. తాడు మీది పసుపు గీత మోటారు దిమ్మె అంచుకు వచ్చి కలిసింది, అంటే లిఫ్టు అంతస్తుకు సమంగా వచ్చినట్టే. మీట వదిలేసింది. బ్రేకు పట్టింది.

"వచ్చేసింది, బాబాయ్."

కింద తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడ్డాక గానీ ఆమె గట్టిగా ఊపిరి తీసుకోలేదు.

దిగివచ్చేసరికి పెద్దావిడ మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. "తిప్పింది నువ్వా? మా మనవడికి సీసా మూత తియ్యడమే రాదు," అంది. అమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

షాపుకొచ్చాక మేస్త్రీ చేతులు చాలాసేపు కడుక్కుని స్టూలు మీద కూర్చున్నాడు.

"నిన్ను ఉంచుకోమని యజమానికి చెప్పా. సరేనన్నాడు. రేపు ఇంకో మెకానిక్ వస్తాడు. అతనితో ఉండు."

"మీరు?"

"మా పెద్దకూతురి దగ్గరికి పోతున్నా. ఎప్పట్నుంచో రమ్మంటోంది. పని ఎవరికి అప్పజెప్పాలో తెలీక ఆగా."

ఏడుపొస్తుందేమో అనుకుంది అమ్మాయి. రాలేదు. మేస్త్రీ ముఖం నెత్తిమీది మూట దించుకున్నవాడి ముఖంలా ఉంది. తనకీ గుండెలో ఏదో దిగినట్టే ఉంది.

"వెళ్లిరండి, బాబాయ్."

కుంటుతూనే అయినా చకచకా నడిచి ఆయన వీధి మలుపు తిరిగాడు. అమ్మాయి లోపలికొచ్చింది. మేస్త్రీ కూర్చునే స్టూలు మీద, కారు సీటులోంచి కోసిన స్పాంజి ముక్క ఆయన కూర్చున్న మేర లోపలికి అణిగి, అంచుల నుంచి మెల్లగా పైకి లేస్తోంది.