ఆట అయ్యాకే భోజనం

గుడివాడ చెడుగుడు పోటీల ఫైనల్లో మా కోడూరు జట్టు వరసగా మూడేళ్ళు ఓడింది. కెప్టెన్ని నేనే. నాలుగో ఏడు, 1958లో, నాకు ముప్ఫై మూడు నిండాయి. ఈసారీ ఓడితే ఇంక బరిలో దిగనని మా ఆవిడ హన్నాతో అన్నాను.

"మీరు ఓడేది బరిలో కాదు, విస్తరి ముందు," అంది.

నిజమే. పోటీల పెద్ద నాగభూషణరావు గారు గుడివాడ జట్టుకీ పెద్దే. ఫైనల్ రోజు మధ్యాహ్నం ఆయనే దగ్గరుండి మాకు గారెలు, పూర్ణాలు, గడ్డపెరుగు కొసరి కొసరి పెట్టించేవారు. ఆ మర్యాదని కాదనగల మగాడు దివిసీమలో పుట్టలేదు. నాలుగింటికి కూత పెట్టబోతే త్రేనుపు వచ్చేది. ఆయన జట్టు మాత్రం మజ్జిగన్నంతో సరిపెట్టుకునేదట! అది ప్రేమో పన్నాగమో దేవుడికే తెలియాలి.

ఫైనల్‌కి ముందు నెలంతా హన్నా మా ఏడుగురికీ పొద్దున్నే రాగి అంబలి, మధ్యాహ్నం పప్పూ ఆకుకూరా, సాయంత్రం చేపల పులుసు పెట్టింది. పిండివంటల ఊసే లేదు. మా జట్టులో కృపావరం తిండిపోతు. వడియాలైనా వేయించమని బతిమాలాడు. ఆవిడ కరగలేదు. కాలవ గట్టున ఒక్క కూత మీద రెండు తాటిచెట్ల దూరం పరిగెత్తేవాణ్ణి, నెల తిరిగేసరికి నాలుగు దాటాను.

ఫైనల్ రోజు పదింటికే చద్దన్నం తిని, మజ్జిగ తాగి గుడివాడలో దిగాం. ఒంటిగంటకి విస్తళ్ళు వేశారు.

"ఆట అయ్యాకే భోజనమని మొక్కుకున్నామండీ," అన్నాను. ఆదివారం చర్చిలో హన్నా ఏడుగురి చేతా మొక్కించింది మరి.

నాగభూషణరావు గారి మొహం ఎర్రబడింది. "మా ఊళ్ళో విస్తరి కాదంటావా, అబ్రహామూ?"

"కాదనటం లేదండీ. దాచి ఉంచమంటున్నాం."

అనైతే అన్నాను గానీ, ఓడితే ఆ విస్తరి ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

ఆఖరి కూతకి పాయింట్లు సమం. నేనే వెళ్ళాను. ఒకణ్ణి తాకాను. ఇంకొకడు నా చీలమండ పట్టేశాడు, మీద మరో ఇద్దరు పడ్డారు. ఏటా అక్కడే నా కూత తెగేది. ఈసారి తెగలేదు. చెడుగుడు చెడుగుడు అంటూనే మోచేతుల మీద పాకి గీత మీద వేలు పెట్టాను. కృపావరం నన్ను భుజాలకెత్తుకున్నాడు. అందరి ముందూ సిగ్గు లేకుండా ఏడ్చాను.

పొద్దుగుంకే ముందే మళ్ళీ విస్తళ్ళు పడ్డాయి. నాగభూషణరావు గారు నేతిగిన్నెతో నా దగ్గర ఆగారు.

"మొక్కు తీరిందిగా. పొయ్యనా?"

"ఆపమనేదాకా పొయ్యండి. ఇవాళ ఇంక కూత పెట్టే పని లేదు."

ఆయన పకపకా నవ్వి గిన్నె వంచారు. నేను ఆపమనలేదు.